జోడు గొట్టాలు, ఒకే గురి

ఉరవకొండ చుట్టుపక్కల పాత ఇళ్లలో అక్కడక్కడా లైసెన్సున్న డబుల్ బ్యారెల్ తుపాకి ఉంటుంది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్లో అప్పజెప్పడం, అయ్యాక తెచ్చుకోవడం, గడువుకు రెన్యువల్ చేయించడం తప్ప దానితో ఇంటివాళ్లకు పెద్దగా పని ఉండదు. విలువ కట్టాల్సి వస్తే మాత్రం ఇంగ్లండుదా, ముంగేరుదా, ఇనుము మీద చెక్కడం ఉందా అని చూస్తారు. అవన్నీ తర్వాతి సంగతులు. జోడు గొట్టాల తుపాకికి అసలు పరీక్షలు రెండే: భుజానికెత్తగానే మనిషి చూపుకు కుదురుతుందా, రెండు గొట్టాలూ ఒకేచోట కొడతాయా. మొదటి గుణం కర్రలో ఉంటుంది, రెండోది ఇనుములో. ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లే మంచి తుపాకికి చెడ్డపేరు వస్తుంది, చెడ్డది మంచి ధరకు అమ్ముడుపోతుంది.

రైఫిల్‌కు ముందొకటి, వెనకొకటి సైట్లుంటాయి. రవ్వల తుపాకికి (షాట్‌గన్‌కు) మూతి దగ్గర చిన్న పూస ఒక్కటే. వెనక సైట్ పని కన్నే చేస్తుంది. ఆ కన్ను ఎక్కడ నిలవాలో తేల్చేది చెంప ఆనే మడమ, అంటే తుపాకి వెనకవైపు కర్ర. అందుకే లండన్, బర్మింగ్‌హామ్ తయారీదారులు ఆర్డరు పుచ్చుకునేటప్పుడు ముందు మనిషిని కొలుస్తారు. ట్రిగ్గర్ నుంచి మడమ చివరిదాకా పొడవెంత, గొట్టాల మీది పట్టీ కంటే చెంప ఆనేచోట ఎంత దిగువ, భుజం దగ్గర ఎంత దిగువ, కుడిచేతివాటం వాడికి మడమ కుడివైపు ఎంత ఒరగాలి అనేవి ముఖ్యమైన కొలతలు. పొడవు మామూలుగా పద్నాలుగున్నర అంగుళాల చుట్టూ తిరుగుతుంది. మరలు తిప్పి మడమను పొడిగించడానికీ, వంచడానికీ వీలున్న ‘ట్రై గన్’ ఇచ్చి, ఇనుప పలక మీద పేల్పించి చూస్తారు. కంటికీ మూతికీ మధ్య దూరం దాదాపు ఒక గజం కాబట్టి, కన్ను అంగుళంలో పదహారో వంతు పక్కకు జరిగితే 16 గజాల దగ్గర దెబ్బ ఒక అంగుళం, 40 గజాల దగ్గర రెండున్నర అంగుళాలు తప్పుతుంది. తాతగారి తుపాకి మనవడికి కుదరకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. అది తాతగారి మెడకూ, భుజానికీ చేసింది, లేదా ఆయనకు ముందు దాన్ని వాడిన ఏ దొరకో చేసింది.

ఇనుము సంగతి ఇంతకంటే చిక్కు. పక్కపక్కన రెండు గొట్టాలున్నప్పుడు ఏదీ తుపాకికి సరిగ్గా నడిమధ్యన ఉండదు. కుడి గొట్టం పేలితే వెనకతన్ను తుపాకిని కాస్త కుడికి తిప్పుతుంది, ఎడమది పేలితే ఎడమకు. రవ్వలు మూతి దాటేలోపే ఆ కదలిక మొదలవుతుంది. కనుక గొట్టాలను సమాంతరంగా అతికితే దెబ్బలు విడిపోతాయి. మూతి వైపు పోయేకొద్దీ అవి దగ్గరయ్యేలా అతకాలి. ఎడాపెడా లాగే జోడెద్దులను కాడి ఒకే సాలులో నడిపించినట్టు, ఆ చిన్న వాలు రెండింటినీ ఒక గురికి తెస్తుంది. డబుల్ రైఫిల్‌కైతే మూతుల మధ్య సన్నని చీలిక పెట్టి, పేల్చి, టంకం కరిగించి చీలికను జరిపి, మళ్లీ పేల్చి చూస్తారు. అది కూడా ఒక్క రకం తూటాకే కుదురుతుంది. రవ్వలు విప్పారతాయి గనక షాట్‌గన్‌లో ఇంత పట్టింపు అక్కర్లేదనే మాట నిజమే. అయినా రెండు దెబ్బల కేంద్రాలు అరడుగు ఎడంగా పడితే ఆ తుపాకిని నేను మంచిదనను.

చూసే పద్ధతి సులువే. 40 గజాల దగ్గర నాలుగడుగుల కాగితం, మధ్యలో ఒక నల్లచుక్క. దెబ్బకొక కొత్త కాగితం చొప్పున ఒక్కో గొట్టంతో అయిదేసి సార్లు నిదానంగా గురిచూసి పేల్చాలి. ప్రతి కాగితం మీదా రవ్వలు దట్టంగా పడ్డచోటు పట్టుకుని దాని చుట్టూ 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టాలి. ఫుల్ చోక్ గొట్టం, అంటే మూతి దగ్గర బాగా ఇరుకు చేసింది, తూటాలోని రవ్వల్లో సుమారు 70 శాతాన్ని ఆ వృత్తంలో వేస్తుంది. చోక్ లేనిది 40 శాతాన్ని. (చోక్‌ను 1870లలో అందరికీ అలవాటు చేసింది బర్మింగ్‌హామ్ తయారీదారు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్.) రెండు గొట్టాలూ ఒకే వైపు, ఒకే దూరం తప్పితే లోపం మడమది. వేడినూనె పట్టించి కర్రను వంచితే చాలావరకు సర్దుకుంటుంది. రెండూ చెరోవైపు పోతే లోపం అతుకుది. గొట్టాలు విప్పి మళ్లీ అతకడానికి తుపాకి ధర కంటే ఎక్కువ కావచ్చు. అయితే పాత తుపాకుల్లో తూటా గది రెండున్నర అంగుళాలదే ఉండొచ్చు, గొట్టం లోపల తుప్పు తిని ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ చూడకుండా కొత్త తూటా పెట్టకూడదు.

ఇదంతా నవాబుల ముచ్చటనేవాళ్లుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వంటి వేటగాళ్ల రోజులు పోయాయి, 1972 వన్యప్రాణి చట్టం వేటకు తలుపు మూసింది. ఉరవకొండ నల్లరేగడిలో శనగపైరు మేసిపోయే కృష్ణజింక మన రాష్ట్ర జంతువు; దాన్ని కాల్చడం నేరం, కాల్చకూడదు కూడా. నా వాదన వేట కోసం కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్, ఎగిరే మట్టిపళ్లేలను కొట్టే ట్రాప్ పోటీలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో వాడేది ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే తుపాకి. క్వాలిఫైయింగ్‌లో ఒక్కో మట్టిపళ్లేనికి రెండు దెబ్బలు వేయొచ్చు. పళ్లెం వ్యాసం 11 సెంటీమీటర్లే. మొదటిది తప్పితే క్షణంలో రెండోది. అక్కడ మడమ కొలతా, గొట్టాల పొందికా విలాసం కిందికి రావు. ఫ్యాక్టరీ తుపాకికే మనిషి అలవాటు పడతాడుగా అంటే, పడతాడు. మెడ వంచి, చెంప నొక్కి మడమ లోపాన్ని తను మోస్తాడు. విడిపోయిన గొట్టాలకు మాత్రం ఏ అలవాటూ పనిచేయదు. కనుక పాత తుపాకి కొనేవాడు చెక్కడం ఎంత అందంగా ఉందని అడిగే ముందు గుర్తింపున్న రేంజ్‌లో పేల్చిన ఆ పది కాగితాలూ అడగాలి. లేవంటే, అమ్మేవాణ్ణే లైసెన్సుతో సహా రేంజ్‌కు రమ్మనాలి.