పుస్తకాల అంగడి అన్న చెప్పిన నాలుగు పుస్తకాలు

పోయిన ఏడు హోసూరు పుస్తకాల పండగకు మా తరగతి తరపున నేనూ, నా స్నేహితుడు ఒకడూ వెళ్లినాము. మా తరగతిలో 17 మందిమి ఉన్నాము. తలా 40 రూపాయలు వేసుకుంటే 680 రూపాయలు అయింది. ఆ డబ్బుతో మాయలు, మంత్రాలు, సాహసాలు ఉండే కథల పుస్తకాలు కొనాలని అందరమూ కలిసి అనుకున్నాము. కొన్నాము కూడా. నాలుగు నెలల తర్వాత కొందరు, "మా 40 రూపాయలకు ఏమొచ్చింది? బీరువాలో సగం పుస్తకాలు ఎవరూ ముట్టుకోవడం లేదు గదా" అని అడిగినారు. అడగడంలో న్యాయం ఉంది. కొన్నది నేను, కాబట్టి లెక్క చెప్పాల్సిందీ నేనే.

నేను చూసినంతలో అక్కడ తెలుగు అంగడి ఒక్కటే ఉండింది. దాన్ని నడిపే అన్న ఆంధ్ర నుంచి వచ్చినాడు. మేము తెలుగులో అడిగేసరికి ఆయన ముఖం వెలిగింది. "ఇక్కడి పిల్లలు తెలుగు చదువుతారా!" అని కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ క్లాసు పాపా?" పది అని చెప్పినాను. ఆ వెంటనే నాలుగు పుస్తకాలు తీసి ముందర పెట్టినాడు. శిథిలాలయం 250 రూపాయలు, కాశీమజిలీ కథల్లో ఒక భాగం 200, బేతాళ కథలు 120, ఆలిస్ కథను తెలుగులో కుదించిన సన్న పుస్తకం 90. మొత్తం 660. మిగిలిన 20 రూపాయలు తెచ్చి లీడరుకు ఇచ్చినాము.

ఈ నాలుగింటినీ నేను రెండు రకాలుగా పరీక్షించినాను. ముందు నేనే చదివినాను. తర్వాత రాత్రిపూట మా తమ్ముడికి చదివి వినిపించినాను. వాడికి తొమ్మిదేళ్లు. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. మా అమ్మ తమిళ బడిలో చదివింది, నాన్న కన్నడ బడిలో. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది తాతా, నేనూ మాత్రమే. అందుకే ఈ పరీక్ష నాకు ఆట కాదు.

మొదట శిథిలాలయం. దీన్ని చేతికిస్తూ అన్న, "మొదలుపెడితే నిద్ర పట్టదు" అన్నాడు. ఆ మాట పూర్తిగా నిజం. చందమామ పత్రిక 1947 జులైలో మద్రాసులో తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. అందులో నెలనెలా వచ్చిన ఇట్లాంటి సీరియళ్లను దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినారు. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్లు కాదు. పేరు తెలియకుండానే ఇంతమంది పిల్లలు ఆయన కథల కోసం నెలంతా కాచుకున్నారంటే నాకు ఆశ్చర్యమే. శిఖిముఖి, విక్రమకేసరి అనే ఇద్దరు యువకులు అడవుల్లో, కొండల్లో పడే కష్టాలే ఈ కథ. ప్రతి భాగమూ ఎవరో ఒకరు ఆపదలో ఉండగా ఆగిపోతుంది. పాఠకుడు వచ్చే నెల మళ్లీ పత్రిక కొనాలి గదా, అందుకే అట్ల రాసినారని నాకు అనిపించింది. ఆ కాలం పిల్లలు నెల రోజులు ఆగినారు. మా తమ్ముడు ఒక్క రాత్రి ఆగలేకపోయినాడు. "ఇంకొక్క భాగం అక్కా" అని దీపం ఆర్పనీయలేదు. వాక్యాలు చిన్నవి. కష్టమైన మాట వచ్చినా పక్క వాక్యంలో అర్థం దొరుకుతుంది.

లోపం కూడా ఒకటి చెప్పాలి. ఈ పుస్తకం బాగుందని పక్క బీరువాలోని మాయాసరోవరం కూడా తెచ్చుకుని చదివినాను. అందులోనూ జయశీలుడు, సిద్ధసాధకుడు అని ముందు నడిచేది ఇద్దరు మగవాళ్లే. మా తరగతిలో ఆడపిల్లలు తొమ్మిది మందిమి. కత్తి పట్టుకుని ముందు నడిచే ఆడపిల్ల మాకు ఎప్పుడు దొరుకుతుంది?

రెండోది కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన ఈ కథలు 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ ఒక గొల్లపిల్లవాణ్ని తోడు తీసుకుపోతాడు. మజిలీ చేసిన ప్రతిచోటా ఆ పిల్లవాడు ఏదో ఒక వింత చూసి వస్తాడు. దాని కథ చెప్పమంటాడు. యతి చెబుతాడు. ఈ ఏర్పాటు ఎంత బాగుందో చూడండి. ప్రశ్న అడిగేది పిల్లవాడు, కథ పుట్టేది వాడి ప్రశ్న నుంచి. పాతాళ భైరవి సినిమాకు కూడా ఈ కథలే ఆధారం అంటారు.

అయితే భాష పాత గ్రాంథికం. సంధులు, సమాసాలు విడదీసుకునేసరికి రాకుమారుడు గుర్రమెక్కి వెళ్లిపోయి ఉంటాడు. "తెలుగు పిల్లలన్నాక ఇది చదవాలి" అన్నాడు అంగడి అన్న. ఆ "చదవాలి" అనే మాటతోనే నాకు పేచీ. చదవాలి అన్న పుస్తకాన్ని పిల్లలు బీరువాలో పెట్టి దండం పెడతారు, అంతే. మా తరగతిలో జరిగింది అదే. ఇద్దరు తీసుకుపోయినారు, మూడోరోజే తెచ్చి ఇచ్చేసినారు. నేను కూడా 30 పేజీల దగ్గర ఆగిపోయినాను.

ఆ తర్వాత పుస్తకం మా తాత చేతిలో పడింది. ఆయన పగలు చదువుకుని, రాత్రి మా మాటల్లో, మా యాసలో తమ్ముడికి చెప్పినాడు. అప్పుడు అదే పుస్తకం బ్రహ్మాండంగా ఉంది! కాబట్టి ఇది చెడ్డ పుస్తకం అనను. ఇది పిల్లల చేతికి ఇవ్వాల్సిన పుస్తకం కాదు, పిల్లలకు కథ చెప్పే పెద్దవాళ్ల చేతికి ఇవ్వాల్సిన పుస్తకం. ఆ సంగతి అన్న చెప్పి ఉంటే బాగుండేది.

మూడోది బేతాళ కథలు. ఇక్కడ అన్న నూటికి నూరుపాళ్లు సరిగ్గా చెప్పినాడు. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. "రాజు నోరు మూసుకుంటే సరిపోతుంది గదా" అన్నాడు తమ్ముడు. "అప్పుడు తల పగులుతుంది గదా" అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించి, "అయితే జవాబు తెలియనోడే అదృష్టవంతుడు" అన్నాడు. ఆ మాట విని తాత పడీపడీ నవ్వినాడు. నిజానికి ఇందులో మాయ కథ చుట్టూ ఉండే చట్రంలోనే ఎక్కువ. లోపలి సాహసమంతా ఆలోచనలోనే. పాత బేతాళ కథలు 25 అయినా, చందమామ వాళ్లు ఆ చట్రంలో కొత్త కథలు రాయిస్తూ ఏళ్ల తరబడి నడిపినారు. మా అమ్మ వాటిని అంబులిమామాలో తమిళంలో చదివిందట. నేను తెలుగులో చదువుతుంటే, తను చిన్నప్పుడు చదివినవాటిని అమ్మ గుర్తు చేసుకుంది. ఒక పుస్తకం దగ్గర ఇంట్లో అందరమూ కూర్చున్నది అప్పుడే.

నాలుగోది ఆలిస్. దీన్ని అన్న నా చేతికే ఇచ్చినాడు. "ఆడపిల్ల కథ, చివర నీతి కూడా ఉంది, నువ్వు తీసుకో" అన్నాడు. నేను సంతోషంగా తీసుకున్నాను. నాలుగింట్లో ఆడపిల్ల ముందు నడిచే కథ అదొక్కటే. చదివితే చప్పగా ఉంది. ఆలిస్ కుందేలు బొరియలో పడుతుంది, చిన్నదవుతుంది, పెద్దదవుతుంది, ఏడుస్తుంది, నిద్ర లేస్తుంది. చివర వాళ్లమ్మ, "పెద్దల మాట వినాలి" అని చెబుతుంది. తమ్ముడు సగంలోనే నిద్రపోయినాడు.

ఇంత పేరున్న కథ ఇట్లా ఎందుకు ఉందో అర్థం కాలేదు. తమ్ముడి బడి లైబ్రరీ నుంచి ఇంగ్లీషు పుస్తకం తెప్పించినాను. లూయిస్ క్యారల్ దాన్ని 1865లో అచ్చు వేయించినాడు. తమ్ముడు చదువుతూ పోయినాడు. అర్థం కానిచోట మా ఇంగ్లీషు టీచరు గారిని అడిగినాను. అప్పుడు తెలిసింది అసలు ఆలిస్ ఎవరో. ఆమె అందరినీ ప్రశ్నిస్తుంది. చివర కోర్టులో రాణికి కూడా ఎదురు మాట్లాడుతుంది. ఇంకో విచిత్రం ఏమంటే, ఆ పుస్తకంలో ప్రతిదానికీ ఒక నీతి చెప్పే దొరసాని ఒకామె ఉంది. రచయిత ఆమెను చూపించి నీతులు చెప్పేవాళ్లను ఎగతాళి చేసినాడు. అట్లాంటి పుస్తకానికే మన సన్న పుస్తకం వాళ్లు చివర నీతి అంటించినారు! మాటలతో ఆడే హాస్యాన్ని తెలుగులోకి తేవడం కష్టమే, ఒప్పుకుంటాను. తేలేకపోతే మానేయవచ్చు. ఎదురు మాట్లాడే పిల్లను ఏడ్చే పిల్లగా మార్చడం మాత్రం తప్పు. అన్న ఆ పుస్తకం చదివి ఇచ్చినాడని నేను అనుకోను. అట్ట మీద ఆడపిల్ల బొమ్మ ఉంది, నేను ఆడపిల్లను. అంతే.

మా అవ్వ చెప్పే బాలనాగమ్మ కథ దీనికంటే ఎంతో మేలు. మాయల ఫకీరు ఎత్తుకుపోయినా ఆమె నోము పేరు చెప్పి ఏళ్లకేళ్లు వాణ్ని దూరం పెడుతుంది. చివర చిలకను తెచ్చేది కొడుకే అయినా, అంతవరకూ ఒంటరిగా పోరాడింది ఆమే గదా. ఆడపిల్లల కథ ఉందా అని నేను గట్టిగా అడిగి ఉంటే, ఆయన వెతికి ఏమి తీసేవాడో.

కాబట్టి నా తీర్పు ఇది. నాలుగు మాటల్లో రెండు పూర్తిగా నిజం, ఒకటి సగం నిజం, ఒకటి తప్పు. తాను చదివి ప్రేమించిన పుస్తకాల గురించి ఆయన చెప్పింది నిజమైంది. గౌరవం కొద్దీ చెప్పింది సగమైంది. అట్ట చూసి చెప్పింది తప్పింది. ఆయన తప్పుతోబాటు నా తప్పు కూడా ఉంది. మాకు గ్రాంథికం రాదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "ఏదైనా చదువుతాము అన్నా" అని గొప్పగా చెప్పినాను. ఇక్కడి పిల్లలు తెలుగు చదువుతారా అని ఆయన అంత సంతోషపడ్డాక, కొంచెమే చదువుతామని చెప్పబుద్ధి కాలేదు.

ఈసారి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అంగడి అన్న తరగతి అడిగితే తరగతి ఒక్కటే చెప్పకండి. ఇంతకుముందు ఏ పుస్తకం పూర్తి చేసినామో, ఏది ఎక్కడ ఆపేసినామో చెప్పండి. "నువ్వు చదివినావా అన్నా?" అని ఆయన్నీ అడగండి. కొనకముందు నడిమి పేజీ ఒకటి తీసి అక్కడే గట్టిగా చదవండి.

శిథిలాలయం ఇప్పుడు బీరువాలో లేదు, మా ఇంట్లో ఉంది. గడువు దాటిందని లీడరు రెండుసార్లు అడిగినాడు. మొన్న రాత్రి నాకు పరీక్ష ఉండి కథ చదవలేదు. కాసేపటికి పక్క గదిలో ఏదో గొణుగుడు వినిపించింది. వెళ్లి చూస్తే తమ్ముడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నా పాత ఒకటో తరగతి వాచకం పక్కన పరుచుకుని, వేలు పెట్టి "శి... ఖి... ము... ఖి" అని కూడబలుక్కుంటున్నాడు. లీడరు ఇంకో వారం ఆగాలని ఇందుమూలంగా మనవి. ఆలిస్ కావాలంటే బీరువాలోనే ఉంది, ఇంకా కొత్తదిగానే ఉంది.