ఇటుక, అచ్చు, బొంత

సార్వా ధాన్యము మిల్లులకు చేరి, సంక్రాంతి వెళ్ళి, చేల గట్లు ఎండి గట్టిపడిన పిదప, తాడేపల్లిగూడెము నుండి ఏలూరు దిక్కుగా ప్రయాణము చేయువారికి అక్కడక్కడ ఇటుక బట్టీల పొగ కానవచ్చును. మన మిల్లులు బియ్యము తీసి విడిచిన ఊకయే ఈ బట్టీలలో కట్టెలతోపాటు మండి, డెల్టా మట్టిని రాయిగా మార్చుచున్నది. ఒకే కొలతగల ముక్కలను పెక్కింటిని చేసి, ఒకదాని ప్రక్క నొకటి చేర్చి, ఏ ఒక్క ముక్కకును లేని రూపమును సమస్తమునకు కల్పించుట మానవుడు అతి ప్రాచీనకాలముననే నేర్చిన విద్య. గోడలోని ఇటుకయు, పెడన అద్దకపు అచ్చును, మన ముత్తవ్వలు కుట్టిన బొంతలోని గుడ్డముక్కయు ఈ విద్యకు చెందినవే. వీనిని ఒక్కచోట చేర్చి చెప్పుటకు నాకు కారణమున్నది. ఈ మూడు వృత్తులలోను పనివాని ప్రజ్ఞ ముక్కయు ముక్కయు కలియు అంచునందే పరీక్షకు నిలుచును.

ఇటుక కోయువాని పని చూచుటకు సులభముగ తోచును గాని, మట్టి పదును తెలియుటకే ఏండ్లు పట్టును. త్రవ్వి పోసిన మట్టిని తడిపి, రాత్రియంతయు నాననిచ్చి, కాళ్ళతో త్రొక్కి, గడ్డలును వేళ్ళును ఏరివేసి మెత్తని ముద్ద చేయుదురు. కోయువాడు గొంతుక్కూర్చుండి, అచ్చులోపల ఇసుక చల్లి, ముద్దను ఇసుకలో దొర్లించి, రెండుచేతుల నెత్తి ఒక్క విసురున అచ్చులో కొట్టును. ఆ విసురులో బలము చాలదేని మట్టి నాలుగు మూలలకును ప్రాకదు. మిగిలిన మట్టిని బద్దతో గీసివేసి అచ్చును పైకెత్తినప్పుడు, నీరు ఎక్కువైన ఇటుక కుంగి పొట్ట వేయును. తక్కువైనదాని అంచులు చిట్లును. ఆరుటలోను కాలుటలోను మట్టి కుంచించుకొనును గనుక అచ్చును కావలసిన కొలతకంటె కొంత పెద్దదిగా చేయింతురు. ఆరిన ఇటుకలను నడుమ సందులు విడిచి పేర్చి కాల్చగా లోపలివి ఎర్రగా పండును, వెలుపలి వరుసలు సగము కాలి మిగులును. బాగుగా కాలినవానిని రెండింటిని చేతబట్టి తాకించినచో కంగున మ్రోగును. ఈ పనికి ఒడిశాలోని బలాంగీరు వంటి కరవు సీమల నుండి ముందుగా బయానా పుచ్చుకొని, ఆలుబిడ్డలతో వచ్చి, నెలల తరబడి బట్టీప్రక్క గుడిసెలలో కాపురముండువారు తెలుగునాట వేలకొలది కలరు. వేయి ఇటుకలకింత అను లెక్కన కూలి కట్టుటచేత పిల్లల చేతులు కూడ ఆ మట్టిలో పడుచున్నవి. ఇది మనమందరము సిగ్గుపడవలసిన సంగతి.

ఇటుక కొలత ఊరక ఏర్పడినది కాదు. పొడవు వెడల్పునకు రెట్టింపుగ నుండుటచేతనే, ఒక ఇటుకను గోడ పొడుగునను, వేరొకదానిని గోడకు అడ్డముగను పరచి, గోడ రెండు ముఖములను కలిపి బిగింప వీలగుచున్నది. హరప్పా నగరములలో ఇటుక పొడవు, వెడల్పు, మందములు నాలుగు, రెండు, ఒకటి పాళ్ళలో నుండెను. నాగార్జునకొండ త్రవ్వకములలో బయల్పడిన ఇక్ష్వాకుల కాలపు ఇటుక సుమారు 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలది. నేడు మన బట్టీలలో 9 అంగుళముల పొడవున కోయు ఇటుక దానిలో సగమైనను లేదు గాని, పొడవు వెడల్పుల పొత్తును ఇంచుమించుగ నిలుపుకొన్నది. పని నేర్వవచ్చిన కుర్రవానికి తాపీమేస్త్రి మొదటిదినముననే చెప్పుమాట, "జాయింటు మీద జాయింటు పడనీయకు నాయనా" అనునది. క్రింది వరుస అతుకుపైననే పై వరుస అతుకు నిలిచెనా, గోడ ఆ గీతవెంట నిలువున చీలును. ఈ నియమము యజ్ఞవేదికల కొలతలు చెప్పు శుల్బసూత్రములంత పాతది. డేగ ఆకారమున కట్టు శ్యేనచితికి వరుసకు 200 చొప్పున అయిదు వరుసలలో వేయి ఇటుకలు పేర్చవలెననియు, ఒక వరుసలోని సందు దాని పైవరుసలోని సందుతో కలియరాదనియు ఆ గ్రంథములు శాసించినవి. ఈ నిబంధనలను చెల్లించుటకై చతురస్రములు, త్రిభుజములు మున్నగు పలు ఆకృతుల ఇటుకలను లెక్కగట్టి చేయించెడివారు. మనదేశమున రేఖాగణితము ఎంతగా వికసించుటకు ఈ ఇటుకల సందులు కారణమైనవో తలచినకొలది ఆశ్చర్యము కలుగును.

ఏలూరునకు ఉత్తరముగ, కామవరపుకోట సమీపమున, గుంటుపల్లి కొండపై బౌద్ధులు విడిచిన కట్టడములను చూడవలెను. అచట క్రీస్తు పూర్వకాలపు వర్తులాకార గుహాచైత్య మొకటి కలదు. కొండను తొలిచినవానికి అతుకుతో పని లేదు. అయినను ఆ శిల్పి గుహ పైకప్పులోపల కర్రవాసములను, అడ్డబద్దలను, అవి ఒకదానితో నొకటి కలియు తీరును అచ్చముగ రాతిలో మలచెను. అతుకు లేని ఇల్లు ఆ కాలపువాని కంటికి ఇల్లుగా తోచియుండదని నా యూహ. ఆ గుహకు దాపుననే ఇటుకతో కట్టిన చైత్యగృహపు గోడలును, స్తూపములును శిథిలములై నిలిచియున్నవి. పైపూత రాలిపోవుటచేత వరుసలన్నియు ఎముకలవలె బయటపడి, కట్టినవాని క్రమము మనకు చక్కగ తెలియుచున్నది. పెదవేగి, దెందులూరుల శిథిలముల నుండి సరకు తెచ్చి ఏలూరు కోటను కట్టిరని చెప్పుదురు. ఒక రాజ్యపు గోడను విప్పి మరియొక రాజ్యపు గోడలో పేర్చుకొనుట ముక్కలు పేర్చిన కట్టడములకే చెల్లును.

అతుకున పోయు సున్నము సంగతి కూడ చెప్పవలెను. గోదావరి జిల్లాలలో మండువా లోగిళ్ళు లేచిన దినములలో సున్నమును ఇసుకతో కలిపి, ఎద్దు త్రిప్పు గానుగలో నూరి, బెల్లపు నీటిని, కరక్కాయ నానిన నీటిని అందు చేర్చెడివారు. గానుగసున్నము గట్టిపడినను ఇటుకకంటె మెత్తగనే యుండును. కొల్లేటి లంకల నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలువారు నేల. అట్టి నేల కదలినప్పుడు సున్నపు గోడలో పగులు అతుకులవెంట మెట్లు మెట్లుగా పోవును, దానిని మరల పూడ్చుకొనవచ్చును. గట్టి సిమెంటుతో అతికిన గోడలో పగులు ఇటుకనే చీల్చుకొనిపోవును.

ఆ బెల్లమును, ఆ కరక్కాయనే కొల్లేటికి దక్షిణమున, బందరు దాపున పెడనలో కలంకారీ అద్దకపువారు వేరొక విధముగ వాడుచున్నారు. గుడ్డను గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొనును. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వారముల తరబడి పులియబెట్టి, ఆ నీటిని నల్లగీతల అచ్చునకు వాడుదురు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినంతనే అది నల్లబడును. ఎరుపు రావలసినచోట పటికనీటిని అద్దుదురు. పటికకు రంగు లేదు. కంటికి ఆనుటకు లేతరంగు ఏదో కలిపి అద్ది, పారునీట జాడించి, పూర్వము చిరివేరుతోను, ఇప్పుడు అలిజరిన్‌తోను కాగులలో మరిగించిననాడు గాని, పటిక పడినచోట ఎరుపు పండదు. ఎరుపు పొరపాటు ఎక్కడ పడినదో అద్దినవానికి అప్పటికి గాని పూర్తిగ తెలియదు.

అచ్చు టేకుచెక్కతో చేయుదురు. నునుపు చేసిన చెక్కముఖముపై తెల్లపూత పూసి, చిత్తరువు గీసి, సన్నని ఉలులతో గీతకు ఇరువైపుల కొయ్యను తొలిచి, నూనెలో నాననిత్తురు. ఒక పువ్వునకు నల్లగీతల అచ్చు ఒకటి, ఎరుపు నింపునది ఒకటి, రంగునకొకటిగ మరికొన్ని చెక్కవలెను. అవి అన్నియు ఒకే పువ్వుపై వెండ్రుకవాసి తప్పక కూర్చుండవలెను. అంతకంటె కష్టమైనది తీగ. అచ్చు కుడి అంచున తెగిన తీగ, అదే అచ్చును ప్రక్కన మరల ఒత్తినప్పుడు ఎడమ అంచు తీగతో అందుకొని, ఎచ్చట తెగినదో తెలియకుండ సాగిపోవలెను. అందుచేత చెక్కువాడు చీర పొడుగునంతను మనసున నిలుపుకొని, జానెడు చెక్కను చెక్కును. అద్దువాడు గోనెలు పరచిన బల్లపై గుడ్డను బిగించి, అచ్చును రంగుమెత్తపై తాకించి, మూలను వ్రేలితో సరిచూచుకొని, వెనుక పిడికిలితో ఒక దెబ్బ వేయును. కరకంచు మూల తిరుగుచోట కాగితము పరచి సగము అచ్చును దానిపై పడనిచ్చి, రెండు అంచులను కోణముగ కలుపును. ఇట్టి గుడ్డలకొరకు ఇంగ్లీషువారు 1611లో బందరున దిగిరి. వానిధాటికి తమ నేతగాండ్రు నిలువలేరని 1686లో ఫ్రాన్సును, 1701లోను 1721లోను ఇంగ్లండును చట్టములు చేసి అడ్డుకొనవలసివచ్చెను. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు సీమలో ఇంచుమించు 30 వేలమందిని పొట్టబెట్టుకొనెను. ఇన్నింటికిని తట్టుకొని ఆ అద్దకము నిలిచినది.

బొంతకు రాజులు లేరు, కంపెనీలు లేవు. పాతబడి మెత్తనైన నేతచీరలను పొరలుగ పరచి, చిరిగినచోట వేరొక ముక్క వేసి, చీర అంచును చించి నాలుగువైపుల చుట్టు త్రిప్పి, పెద్దసూదితో వరుసలు వరుసలుగ కుట్టుదురు. బాలింతకును పసిబిడ్డకును అంతటి మెత్తని పడక వేరొకటి లేదు. కర్ణాటకములోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ స్త్రీలు బొంతను అంచునుండి మొదలిడి లోపలికి కుట్టుకొనిపోవుదురు. నాలుగు మూలల మడతగుడ్డతో పువ్వు కుట్టనిదే వారికి బొంత ముగిసినట్లు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెయందు బానిసల సంతతివారైన స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియములో ప్రదర్శించిరి. మన అవ్వలు కుట్టినవానిలో ఒక్కటియైనను మ్యూజియము గోడ నెక్కదగినది లేదనుటకు నాకు నోరు రాదు.

ఇప్పుడు స్క్రీనుతో అద్దిన గుడ్డయు, యంత్రముపై అచ్చయిన గుడ్డయు కలంకారీ పేరుతోనే సంతలలో అమ్ముడగుచున్నవి. కొనువారు తీగవెంట కన్ను పోనిచ్చి చూడవలెను. అచ్చులు కలియుచోట గీత ఇసుమంత చిక్కనగుట, ఒక పువ్వు ఒకింత ఒరుగుట చేతిపనికి గుర్తులు. భౌగోళిక గుర్తింపు బందరు కలంకారీ పేరును కాపాడుచున్నది, మంచిదే. కాని అచ్చు చెక్కువాని పేరు చీరపై ఎచ్చటను ఉండదు. అరిగిన పాత అచ్చులను ఇండ్ల అలంకారమునకై అంగళ్ళలో అమ్ముచున్నారు. క్రొత్త అచ్చు చెక్కుటకు పాత అచ్చే మాతృక. అది ఒక పట్టణపు గోడకు చేరినచో ఆ తీగ మలుపు తెలిసినవాడు మిగులడు. అద్దకశాలలవారు పాత అచ్చులను అమ్ముటకు ముందు ప్రతిదానిని ఒకమారు తెల్లగుడ్డపై ఒత్తి, చెక్కినవాని పేరు తెలిసినచో ప్రక్కన వ్రాసి, పెడనలోనే ఒకచోట దాచి యుంచవలెను.