శత్రువు ఇంట్లో పెరిగిన పిల్లలు

ఇంగ్లండులో ఏటికేడు జరిగిన సంగతులు రాసిపెట్టుకున్న పాత గ్రంథం ఒకటుంది, ఆంగ్లో-సాక్సన్ క్రానికల్. అందులో 577వ సంవత్సరానికి దక్కింది చిన్న ముక్క. కుత్‌వైన్, చాలిన్ అనే సాక్సన్ నాయకులు డియోరమ్ అనే చోట బ్రిటన్లతో పోరాడారు, ముగ్గురు రాజులను చంపారు, గ్లోస్టర్, సైరన్‌సెస్టర్, బాత్ పట్టణాలను పట్టుకున్నారు. అంతే, రాసినవాడు తర్వాతి సంగతికి వెళ్లిపోయాడు. ఆ మూడు పట్టణాల్లో ఎన్ని ఇళ్ల పొయ్యిలు ఆరిపోయాయో, ఆ రాజుల వెనక నడిచిన కుర్రాళ్లలో మర్నాడు పొద్దు చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో అందులో లేదు.

1961లో ఇంగ్లీషు రచయిత్రి రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ ‘డాన్ విండ్’ నవలను అలాంటి ఓటమి రాత్రి దగ్గరే మొదలుపెట్టారు. శవాల మధ్య ఓవెన్ అనే కుర్రాడికి తెలివొచ్చింది. తండ్రి పోయాడు, అన్న పోయాడు. తోడు మిగిలింది యుద్ధానికి తెచ్చిన కుక్క ఒకటి. వాడి వైపు బతికి ఉన్నవాళ్లెవరూ లేరు, ఉన్నవాళ్లంతా అవతలివాళ్లే. ఇక వాడు పెద్దవాడు కావాలంటే ఆ అవతలివాళ్ల మధ్యే కావాలి.

ఆంగ్లో-సాక్సన్ కాలం నేపథ్యంగా పిల్లల కోసం, కుర్రకారు కోసం ఇంగ్లీషులో వచ్చిన సాహస నవలల్లో మంచివాటి కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. కత్తి పట్టడం, సముద్రం దాటడం, కోట పగలగొట్టడం ఏ సాహస కథలోనైనా ఉంటాయి. ఈ నవలలు పిల్లవాణ్ణి తీసుకెళ్లి శత్రువు పొయ్యి దగ్గర కూర్చోబెడతాయి. వాళ్ల గంజి తాగిస్తాయి, వాళ్ల పసుల్ని కాయిస్తాయి. వాడు మనిషయ్యేది ఆ ఇంట్లోనే.

ఆ కాలానికి అది అచ్చంగా సరిపోయింది. 410 ప్రాంతంలో రోమన్ పాలన బ్రిటన్‌ను వదిలిపోయిన దగ్గర్నుంచి 1066లో నార్మన్లు గెలిచేదాకా ఆరున్నర శతాబ్దాల కథ ఇది. దాని చివరి రోజులంటే ఇక్కడ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువున నన్నయ భారతాన్ని తెలుగు చేసిన కాలం. మొదట ఆంగ్లులు, సాక్సన్లు, జూట్లు పడవల మీద వచ్చి బ్రిటన్ల నేల తీసుకున్నారు. తర్వాత వాళ్ల మీదికి డేన్లు వచ్చారు. చివరికి నార్మన్లు. ఒక శతాబ్దంలో దండెత్తి వచ్చినవాడే మరో శతాబ్దంలో ఇల్లు తగలబడి నిలబడ్డాడు. ఇంగ్లీషు పిల్లలు బడిలో సాక్సన్లను తమ పూర్వీకులుగా నేర్చుకుంటారు. ఆ పిల్లల చేతికే సట్‌క్లిఫ్ సాక్సన్ల చేతిలో నాశనమైన కుర్రాడి కథ పెట్టారు. తమ ముత్తాతల ముఖాన్ని వాళ్లు దోచుకున్నవాడి కళ్లలోంచి చూడమని పదేళ్ల పిల్లల్ని అడగడం చిన్న సాహసం కాదు.

ఈ దారి మొదటినుంచీ లేదు. జి. ఎ. హెంటీ 1886లో ‘ది డ్రాగన్ అండ్ ది రావెన్’ రాశాడు. సాక్సన్ రాజు ఆల్ఫ్రెడ్ కాలం, ఎడ్మండ్ అనే సాక్సన్ యువకుడు, డేన్లతో పోరు. కథ పరుగులు పెడుతుంది. కానీ మొదటి పేజీలో ఎంత ధైర్యవంతుడో చివరి పేజీలోనూ ఎడ్మండ్ అంతే ధైర్యవంతుడు. చుట్టూ ప్రపంచం మారుతుంది, వాడిలో ఏదీ కదలదు. 1906లో కిప్లింగ్ ‘పక్ ఆఫ్ పూక్స్ హిల్’ వచ్చాక గాలి మళ్లింది. అందులో 1066 తర్వాత గెలిచిన నార్మన్ యువకుడూ ఓడిన సాక్సన్ యువకుడూ ఒకే నేల మీద స్నేహితులవుతారు. సట్‌క్లిఫ్‌కు చిన్నప్పుడు తల్లి చదివి వినిపించిన పుస్తకాల్లో కిప్లింగ్‌వి ఉన్నాయి. పెద్దయ్యాక ఆమె కిప్లింగ్ మీద ఒక చిన్న పుస్తకమే రాశారు.

ఆమె రాసిన ‘ది లాంటర్న్ బేరర్స్’కు పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం (1959) వచ్చింది. ఈ తరహా రచనలో ఇంతకన్నా గట్టి పుస్తకం నేను చదవలేదు. రోమన్ సైన్యంలో చివరి దళం బ్రిటన్ వదిలి వెళ్లే రోజున అక్విలా అనే యువ అధికారి ఓడ ఎక్కడు. పుట్టిన నేల వదలలేక ఆగిపోయి, ఆ రాత్రి రుటూపియే దీపస్తంభం మీద ఆఖరిసారి మంట వెలిగిస్తాడు. ఇంటికి వెళ్తాడు. కొన్నాళ్లకే సాక్సన్లు ఇంటిమీద పడతారు. తండ్రిని చంపి, చెల్లెలు ఫ్లావియాను ఎత్తుకుపోతారు. అక్విలాను జూట్లు తమ దేశానికి పట్టుకుపోయి మెడకు బానిస కడియం వేస్తారు.

అక్కడొక ముసలి యోధుడున్నాడు. దోపిడీలో దొరికిన ఒక గ్రంథపు చుట్ట ఆ ఇంట్లో ఉంది, అది హోమర్ ఒడిస్సీ. ముసలాయనకు చదువు రాదు, కానీ సముద్రమన్నా పడవలన్నా ప్రాణం. అందుకని బానిస చేత చదివించుకుంటాడు. ఇల్లు చేరలేక సముద్రాల మీద తిరిగిన ఒడిస్యూస్ కథను, ఇల్లే మిగలని కుర్రాడు, ఇళ్లు కూల్చిన జాతి ముసలివాడికి చదివి చెబుతున్నాడు. అక్విలా ఆ ముసలాయన్ని ప్రేమించడు, క్షమించడు. కానీ ఆ కథ ఇద్దరికీ ఒకేలా తగులుతుందని వాడికి తెలిసిపోతుంది. రచయిత్రి దీన్ని ఎక్కడా విప్పి చెప్పరు. పొగ, చలి, చదివే గొంతు, వినే ముఖం చూపించి ఊరుకుంటారు.

అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. బ్రిటన్‌కు వలస వచ్చిన యజమానులతో తిరిగొచ్చిన అక్విలాకు చెల్లెలు కనిపిస్తుంది. ఆమె ఒడిలో సాక్సన్ బిడ్డ. అన్న తప్పించుకోవడానికి ఆమె సాయం చేస్తుంది, తాను మాత్రం వెంట రాదు. ఆ గాయం అక్విలాను ఏళ్ల తరబడి రాయిని చేస్తుంది. భార్యతో, సొంత కొడుకుతో కూడా మనసు విప్పి మాట్లాడలేని మనిషి అవుతాడు. చివరికి ఒక యుద్ధం ముగిశాక శత్రుపక్షంలో గాయపడి పడి ఉన్న కుర్రాడి ముఖంలో చెల్లెలి పోలిక చూస్తాడు. వాడు ఫ్లావియా కొడుకు. అక్విలా వాణ్ణి దాచి, గాయాలకు కట్టు కట్టి, పంపించేస్తాడు. తాను కొలిచే రాజుకు తెలియకుండా చేసిన ఆ పనిని తర్వాత తానే రాజు ముందు ఒప్పుకుంటాడు. పిల్లల పుస్తకం అని పేరు పెట్టి ఇంత బరువు మోయించడం చాలా కొద్దిమందికే చేతనైంది.

‘డాన్ విండ్’లో ఓవెన్ తన ఇష్టంతోనే బానిస అవుతాడు. పాడుపడిన వైరోకోనియం నగరంలో దొరికిన రెజీనా అనే దిక్కులేని పిల్లతో సముద్రం వైపు పారిపోతుంటే ఆమె జబ్బు పడుతుంది. ఆమెకు నీడ దొరకాలి. అందుకోసం తనను తాను సాక్సన్లకు అమ్ముకుంటాడు. ఆ తర్వాత ఏళ్లకేళ్లు సముద్రతీరపు పొలంలో చాకిరీ. చివరికి స్వేచ్ఛ దొరుకుతుంది. అప్పుడు చనిపోతున్న యజమాని, కొడుకు ఎదిగేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉండమని అడుగుతాడు. ఓవెన్ ఉండిపోతాడు. తప్పించుకుపోయే మలుపు కోసం ఎదురుచూసే పాఠకుడికి అది మింగుడు పడదు, నాకూ మొదటిసారి పడలేదు. రెండోసారి చదివినప్పుడు అర్థమైంది: గొలుసు ఉన్నప్పటికన్నా గొలుసు తీసేశాకే వాడు ఎక్కువ కట్టుబడ్డాడు, ఆ కట్టు వాడు తానై వేసుకున్నది. నవల ముగింపు నాటికి 597వ సంవత్సరం, రోమ్ నుంచి క్రైస్తవ బోధకుడు అగస్టిన్ కెంట్ తీరంలో దిగుతాడు.

ఆల్ఫ్రెడ్ కథలకు వస్తే చరిత్రే నవలలా నడిచింది. 878 జనవరిలో, క్రిస్మస్ పండుగ దినాలు ముగియగానే, డేన్ నాయకుడు గుత్రమ్ చిప్పెన్‌హామ్ మీద పడ్డాడు. ఆల్ఫ్రెడ్ కొద్దిమందితో సోమర్‌సెట్ చిత్తడి నేలల్లోకి తప్పుకుని, ఈస్టర్ నాటికి ఆథెల్నీలో చిన్న కోట కట్టుకున్నాడు. ఈస్టర్ తర్వాత ఏడో వారంలో బయటికొచ్చి ఎడింగ్టన్ దగ్గర గెలిచాడు. గెలిచి గుత్రమ్ తల తీయలేదు. జ్ఞానస్నానం ఇప్పించి, తానే జ్ఞానపితగా నిలబడి, పన్నెండు రోజులు అతిథిగా ఉంచుకున్నాడు. జెఫ్రీ ట్రీజ్ ‘మిస్ట్ ఓవర్ ఆథెల్నీ’కి (1958), సి. వాల్టర్ హాడ్జెస్ ‘ది నేమ్‌సేక్’కు (1964) ఆల్ఫ్రెడే ఆధారం. ఇద్దరూ పాటించిన నియమం ఒకటే: రాజు కథ అంచున ఉండాలి, నడిమధ్యన పిల్లలుండాలి. రాజు ఏం చేశాడో అందరికీ తెలుసు, పేరులేని పిల్లవాడు బతుకుతాడో లేదో ఎవరికీ తెలియదు, ఉత్కంఠ అక్కడుంది. హాడ్జెస్ కథ చెప్పించింది ఒక కాలు పోగొట్టుకున్న కుర్రాడి చేత. వాడి పేరూ ఆల్ఫ్రెడే.

పనిపాటల వివరం లేకపోతే ఈ నవలలు నిలవవు. సాక్సన్లు నవంబరును ‘బ్లోట్‌మొనాథ్’ అనేవారని ఎనిమిదో శతాబ్దపు సన్యాసి బీడ్ రాశాడు, అంటే బలుల నెల. ఆ నెలలో కోసే పసుల్ని దేవుళ్లకు అర్పించేవారట. ఆల్ఫ్రెడ్ చట్టం బానిసలకు ఏడాదిలో నాలుగు బుధవారాలు ఇచ్చింది, దానంగా వచ్చినదో ఖాళీ వేళల్లో సంపాదించుకున్నదో ఆ రోజుల్లో అమ్ముకోవచ్చు. ఏడాదికి నాలుగే బుధవారాలు. ఒక బానిస కుర్రాడు ఆ రోజు కోసం ఏం దాచుకుని ఉంటాడు అనుకోగానే నవలలో ఒక అధ్యాయం కళ్లముందు లేస్తుంది. 1939లో సఫోక్‌లోని సట్టన్ హూ దిబ్బ కింద 27 మీటర్ల ఓడ ముద్ర, రాజు శిరస్త్రాణం, బంగారు సొమ్ములు బయటపడ్డాక రచయితలకు ఆ కొలువుల తళుకు కూడా చేతికందింది. సట్‌క్లిఫ్ మాత్రం తళుకు కన్నా తడిసిన ఉన్ని వాసన, తలుపు సందులోంచి పడే వెలుతురు ఎక్కువ నమ్మారు. ఆమె సూక్ష్మచిత్రాలు గీయడంలో శిక్షణ పొందిన చిత్రకారిణి. పసితనంలోనే కీళ్లజబ్బు పట్టి, జీవితంలో చాలాభాగం చక్రాల కుర్చీలోనే గడిపారు. ఆమె వీరుల్లో ఇంతమంది గాయం మోస్తూ నడిచేవాళ్లు ఉండటం నన్ను ఆశ్చర్యపరచదు.

భాష సంగతి మనకు దగ్గరిది. పాతకాలపు మనుషుల చేత పాత మాటలు పలికించే కృత్రిమ ధోరణికి స్టీవెన్సన్ ‘టషరీ’ అని పేరు పెట్టాడు. తెలుగు చారిత్రక నవలలోనూ కిరీటం కనబడగానే గ్రాంథికం దిగుతుంది, ఆ ఇబ్బంది మనకు తెలుసు. ట్రీజ్ దాన్ని పూర్తిగా వదిలేసి, ఇవాళ్టి పిల్లలు మాట్లాడే తేట ఇంగ్లీషు వాడాడు. సట్‌క్లిఫ్ మూడో దారి పట్టారు: మాటలు మామూలువే, వాక్యం నడక మాత్రం కొంచెం వేరు, క్రియ ఎక్కడ పడాలో ఆమెకు తెలుసు. నాకు ఆమె దారే ఇష్టం. దాన్ని తెలుగులోకి తేవాలంటే, ఆ కాలపు బానిసను చెప్పే ‘థ్రాల్’ అనే మాట దగ్గరే ఆగిపోతాం. బానిస అంటే చాలా దూరంగా వినిపిస్తుంది, పాలేరు అంటే మరీ దగ్గరగా.

ఈ సంప్రదాయంలో లోపం లేకపోలేదు. రెజీనా చాలా అధ్యాయాల పాటు కథలోంచి మాయమవుతుంది. శత్రువు ఇంట్లో ఫ్లావియా గడిపిన ఏళ్లు అన్న కోపంలోంచి మాత్రమే మనకు కనిపిస్తాయి. ఆమె ఎందుకు రాలేదు, ఆ ఇంట్లో మొదటి చలికాలం ఎలా దాటింది అన్నది ఆమె నోట వినాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. బెర్నార్డ్ కార్న్‌వెల్ ‘ది లాస్ట్ కింగ్‌డమ్’లో (2004) డేన్లు ఎత్తుకెళ్లి పెంచిన సాక్సన్ పిల్లవాడు ఉట్రెడ్ ఈ పాత తాడునే పట్టుకుని పెద్దల నవలల్లోకి నడిచాడు, అదీ మగపిల్లవాడి కథే.

నికోలా గ్రిఫిత్ 2013లో ‘హిల్డ్’ రాసేదాకా నాకు ఆ వెలితి తీరలేదు. హిల్డ్ నిజంగా ఉన్న మనిషి. 614లో పుట్టి, విట్బీ మఠాధిపతిగా 680లో కన్నుమూసింది. ఆమె 33 ఏళ్లు సంసార లోకంలో, మరో 33 ఏళ్లు మఠంలో గడిపిందని బీడ్ చెబుతాడు. మఠం గురించి చాలా రాశాడు. మొదటి 33 ఏళ్లను దాదాపు ఒక్క వాక్యంలో దాటేశాడు. గ్రిఫిత్ నవల మొదలయ్యేటప్పటికి ఆ వాక్యం లోపల మూడేళ్ల పిల్ల ఒకతి పొదల అంచున పడుకుని చెట్లలో గాలి చప్పుడు వింటూ ఉంటుంది.