చూపుకు చదువు: సంజీవదేవ్ కళావ్యాసాలు

తెలుగులో చిత్రకళను గురించి రాసినవారు తక్కువ. కుంచె పట్టిన చేత్తోనే కలం పట్టినవారు మరీ తక్కువ. అడివి బాపిరాజు (1895–1952), బుచ్చిబాబు (1916–1967), సంజీవదేవ్ (1914–1999) ఈ కోవలో ముందుగా గుర్తుకు వస్తారు. మొదటి ఇద్దరి చిత్రకారదృష్టి ప్రధానంగా కథల్లోకి, నవలల్లోకి ప్రవహించింది. సంజీవదేవ్ మాత్రం చూడడాన్నే వ్యాసవస్తువుగా స్వీకరించారు.

గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన ఆయన యౌవనంలో హిమాలయ ప్రాంతాల్లో తిరిగారు. కులూ లోయలో రోరిక్ కుటుంబంతో గడిపారు. తరువాత సొంత పల్లెకే తిరిగివచ్చి స్థిరపడ్డారు. మంచుకొండలను చూసిన కంటికి పల్లె పొలాలు చిన్నవి కాలేదు. ప్రకృతిలో గొప్పది, సామాన్యమైనది అన్న తేడా చాలావరకు మన చూపులోని బద్ధకం వల్ల పుడుతుందన్నది ఆయన వ్యాసాల నుంచి గ్రహించదగిన మొదటి విషయం.

కళ ప్రకృతికి నకలు కాదన్నది రెండవది. ఈ మాట అలంకారశాస్త్రం చదివినవారికి కొత్త కాదు. కాని చిత్రకారుడి అనుభవం దానికి వేరే బలం ఇస్తుంది. ఎండలో తెల్లగోడ మీద పడిన చెట్టునీడను మనం నలుపు అనేస్తాం. రంగులు కలపడానికి కూర్చున్నవాడికి అది నలుపు కాదని తెలుస్తుంది. అందులో ఆకాశపు నీలం ఉంటుంది, నేల నుంచి ఎగసిన ఎరుపు ఉంటుంది. వస్తువుకు పేరు దొరకగానే మనం చూడడం మానేస్తాం. చిత్రకారుడి చూపు అక్కడే మొదలవుతుంది.

ఇంత సూక్ష్మదృష్టి గల రచయిత వచనం అన్నిచోట్లా అంత సూక్ష్మంగా ఉన్నదా? లేదనే చెప్పాలి. సౌందర్యం, రసం, చైతన్యం, లయ వంటి పెద్దమాటలు వరుసకట్టినప్పుడు చూడవలసిన చిత్రమే వెనక్కు పోతుంది. ఒక పటం ముందు మనల్ని నిలబెట్టి, ఈ గీత ఇక్కడ ఎందుకు వంగిందో చూపే సందర్భాలు మనం కోరుకున్నంతగా లేవు. 'తెగిన జ్ఞాపకాలు' వంటి ఆత్మకథాత్మక రచనల్లో ఈ లోపం అంతగా కనిపించదు. సిద్ధాంతకర్త విశ్రమించిన చోట చిత్రకారుడు పని చేస్తాడు.

మరొక ఆక్షేపణ ఉంది. మెరీనా తీరంలో 1959లో నెలకొల్పిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి 'శ్రామిక విజయం' శిల్పాన్ని చెన్నపట్నం వారు రోజూ దాటిపోతూనే ఉంటారు. బండను కదిలిస్తున్న ఆ నలుగురి దేహాల్లో రూపం శ్రమ నుంచే పుట్టింది. పొలం ప్రకృతిదృశ్యమైతే దాన్ని దున్నిన శ్రమ కూడా ఆ దృశ్యంలో భాగమే. సౌందర్యమే కేంద్రమైన సంజీవదేవ్ వ్యాసాల్లో ఈ శ్రమకు దక్కిన చోటు స్వల్పం. అయితే ఆ లోటును పూరించుకునే మార్గం కూడా ఆయన దగ్గరే ఉంది. దగ్గరగా చూసే ఆ పద్ధతిని గట్టు మీది చెట్టు దగ్గర ఆపకుండా గట్టు వేసిన మనిషి దాకా తీసుకుపోవాలి.

తెలుగు తరగతుల్లో వర్ణనలు బోధించేటప్పుడు మనం ముందు అలంకారం పేరు చెప్పిస్తాం. కవి ఏం చూశాడన్న ప్రశ్న తరువాత వస్తుంది, ఒక్కొక్కసారి రానేరాదు. ఈ క్రమాన్ని తిరగవేయడానికి సంజీవదేవ్ వ్యాసాలు తోడ్పడతాయి. వాటిని చిత్రకళాభిమానులకు వదిలేయక సాహిత్య విద్యార్థుల చేత చదివించవలసింది అందుకే.