సొరంగాలు కోసెయ్యని రైలు

చలికాలపు నార్వే రైలు వీడియోలు చాలావరకు ఒకేలా ఉంటాయి: మంచు, ఎర్ర చెక్క ఇళ్లు, వెనకాల మెత్తటి సంగీతం. సొరంగాలుండవు. ఎడిటింగులో ముందు పోయేవి అవే.

అందుకే నాకు నార్వే ప్రభుత్వ టీవీ ఎన్‌ఆర్‌కే 2009 నవంబరులో ప్రసారం చేసిన ‘బెర్గెన్స్‌బానెన్’ నచ్చింది. పాత రేవు పట్టణం బెర్గెన్ నుంచి ఓస్లో దాకా, ఏడు గంటలకు పైగా, ఉన్న ప్రయాణం ఉన్నట్టే. దారిలో సొరంగాలు నూట ఎనభై పైనే. తెర నల్లబడినప్పుడు ఆ లైను నూరేళ్ల చరిత్ర నుంచి పాత ఫిల్ములు వేశారు.

ఇది ఖాళీ నింపే ఉపాయమే అనుకోవచ్చు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. 1222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సే దగ్గర పేరుకునే మంచుతో రైళ్లకు ఏటా యుద్ధమే. 1990ల్లో పది కిలోమీటర్లకు మించిన సొరంగం తవ్వి, పట్టాలను లోపలికి మళ్లించారు. లైనులో అన్నిటికన్నా ఎత్తైన చోటు కిటికీలోంచి మాయమైంది. దృశ్యం వదులుకుని రాకపోకలు నిలుపుకున్నారన్నమాట.

మనం పోస్టరులో చూసే మంచు, అక్కడివాళ్లకి దాటాల్సిన మంచు. ఆ తేడా తెలియాలంటే చీకటిని కూడా చూపించాలి. ఏడు గంటల్లో విసుగు పుడుతుంది, నిజమే. అయినా ఒక్క సొరంగం కూడా స్కిప్ చెయ్యకుండా చూడండి.