కంప్యూటరు కంటికి కాజీపేటలో పరీక్ష

బల్లమీది కంప్యూటరు తెర పైఅంచున, నడుమ, మిరియపుగింజంత గాజుకన్ను ఒకటి కనిపించును. 2005 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన ఐమాక్ యంత్రపు తెరలోనే ఇట్టి కెమేరాను పొదిగి విక్రయించినది. చాలకాలము అది దూరదేశపు బంధువుల ముఖములు చూచుకొనుటకే ఉపయోగపడినది. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమైన పిమ్మట ఆ కన్నే తరగతిగది కిటికీ అయినది. కాజీపేట అంచున 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా పుట్టి నేడు నిట్‌గా నున్న విద్యాసంస్థ మొదలు, సాధారణ పాఠశాలల వరకు, అనేకుల పాఠములు ఇట్టి కెమేరాల ద్వారానే సాగినవి. బడులు తెరచినను ఆ అలవాటు పూర్తిగా పోలేదు. కనుక ఈ సాధనమును సైన్సు ఉపాధ్యాయుని దృష్టితో ఒకసారి నిలదీసి చూచుట న్యాయము.

కంప్యూటరులో కెమేరాను పరీక్షించుటకు ఒక మీట ఉండును. దానిని నొక్కగా మన ముఖము తెరపై కనబడును; పరీక్ష ముగిసినదని యంత్రము తృప్తిపడును. ఇది ఎంత బలహీనమైన పరీక్షయో ఆలోచింపుడు. త్రాసుముల్లు కదలినంత మాత్రమున తూకము సరియైనదగునా? ముఖము కనబడుట వలన కెమేరా కలుపబడి యున్నదని మాత్రమే తేలును. అది రంగును ఉన్నదున్నట్లు చూపునా, కదలికను చెదరకుండ పట్టునా, అనునవి తేలవు. మాటామంతీకి ఇవి అక్కరలేదు. ప్రయోగమును చూపుటకు ఇవియే ముఖ్యము.

మొదట వెలుతురు సంగతి. ట్యూబులైటు క్రింద కూర్చుండి పాఠము చెప్పునప్పుడు చిత్రముపై మూడు నాలుగు మసక చారలు అడ్డముగా పాకుచుండుట పలువురు చూచియుందురు. కెమేరా చెడినదని కొందరు దుకాణమునకు మోసికొని పోవుట కద్దు. దోషము కెమేరా భాగములలో లేదు, అమరికలో ఉన్నది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును; కాజీపేట జంక్షనులో రైలింజనుల నడుపు 25,000 వోల్టుల తీగలోనిదియు ఈ 50 ఆవర్తనముల విద్యుత్తే. ఒక్కొక్క ఆవర్తనములో ప్రవాహము రెండుమార్లు ఉచ్చస్థితికి చేరును గనుక, చోకు గల ట్యూబులైటు సెకనుకు 100 మార్లు మిణుకుమనును. చౌకరకపు ఎల్.ఇ.డి. బల్బులలో కొన్నియు ఇట్లే చేయును. కన్ను దీనిని గుర్తింపదు. కెమేరా గుర్తించును, ఏలయన అది చిత్రమునంతటిని ఒక్కసారిగా గాక, పైనుండి క్రిందికి వరుస తరువాత వరుసగా చదువును. ఒక్కొక్క వరుస వెలుతురును పట్టుకాలము సరిగా సెకనులో 100వ వంతు, లేక 50వ వంతు అయినచో ప్రతి వరుసకును పూర్తి మిణుకులే దక్కును. చిత్రము సమముగా నుండును. అమెరికాలో ఆవర్తనములు 60. అచ్చటి దీపములకు తగినట్లు పట్టుకాలము 120వ వంతుగా నున్నచో, మన దీపము క్రింద కొన్ని వరుసలకు ఎక్కువ వెలుతురు, కొన్నింటికి తక్కువ దక్కి చారలేర్పడును. జపానులో తూర్పున 50, పడమట 60 ఆవర్తనములు వాడుకలో నున్నవి గనుక, ఈ తిప్పలు అచ్చట ఒకే దేశములో ఉండదగినవి.

విండోస్ కెమేరా అనువర్తనములో ‘ఫ్లికర్ రిడక్షన్’ అను అమరిక ఉండును. దానిని 50 హెర్ట్‌జుకు మార్చినంతనే చారలు పోవును. ఇంత ముఖ్యమైన దానిని ఎక్కడో లోపలి పుటలో దాచుట, కొన్ని యంత్రములలో అసలే ఈయకుండుట, తయారీదారుల తప్పే.

ఇక కదలిక. వెలుతురు చాలనప్పుడు కెమేరా తనంతట తానే పట్టుకాలమును 30వ వంతు వరకు పెంచును. ఒక మీటరు పొడవు గల లోలకమును 10 సెంటీమీటర్లు లాగి వదలినచో, అడుగున గుండు వేగము సెకనుకు సుమారు 31 సెంటీమీటర్లు. 30వ వంతు సెకనులో అది ఒక సెంటీమీటరు జరుగును. గుండు స్థానమున దూదిపింజె వంటి మరక మాత్రమే కనబడును. 100వ వంతులో జరుగునది 3 మిల్లీమీటర్లే. కాబట్టి పట్టుకాలమును 100వ వంతున నిలిపి, బల్లపై మరొక దీపము పెట్టుట మేలు. సంకేతబలమును పెంచినచో చిత్రము ఇసుక చల్లినట్లగును.

రంగు విషయములో ఈ సాధనము చేయు అపచారము అన్నిటికంటె పెద్దది. తెలుపును సరిచేయు స్వయంచాలక పద్ధతులలో తేలికైనది, దృశ్యములోని రంగులన్నిటి సగటు బూడిదవర్ణమని ఎంచును. ముఖమునకు, గోడకు ఆ ఊహ సరిపోవును. ఫినాల్ఫ్తలీన్ కలిపిన క్షారపు బీకరును కెమేరా ముందు దగ్గరగా పెట్టుడు. దృశ్యమంతయు గులాబిరంగు నిండగా, ఎరుపు మితిమీరినదని ఎంచి యంత్రము దానిని తగ్గించును. బీకరులో గులాబిరంగు నిలిచియుండగనే తెరపై వెలవెలపోవును. ఆవల కాజీపేట ఇంటిలోనో, పల్లెలోనో కూర్చున్న బాలుడు “రంగు పోయినది” అని పరిశీలన పుస్తకములో వ్రాయును. ఆ బాలుని తప్పు ఏమున్నది? కనుక ముందుగా తెల్లకాగితమును కెమేరాకు చూపి, రంగు కుదుటపడిన వెంటనే స్వయంచాలకమును ఆపివేయవలెను. బీకరు వెనుక ఆ కాగితమునే నిలిపి యుంచినచో, కాగితము తెల్లగా నున్నంతవరకు రంగును నమ్మవచ్చును.

డబ్బాపై ముద్రించు మెగాపిక్సెలుల సంఖ్యకు ఇచ్చెడి గౌరవము మితిమీరినది. 1920 బిందువుల వెడల్పు గల చిత్రములో 64 సెంటీమీటర్ల బల్ల కనబడినచో, మిల్లీమీటరుకు దక్కునవి మూడే బిందువులు. వెర్నియరులోని 0.1 మిల్లీమీటరు తేడాను అది చూపలేదు. దగ్గరకు తెచ్చి చూపుదమన్నను, చాల యంత్రములలో కటకము స్థిరముగా నుండుటచే చిత్రము మసకబారును. తెరకు అతికిన కన్ను తల వంచి బల్లను చూడనేలేదు. ఈ కడపటి లోపమునకు మాత్రము చౌకైన ఉపాయము కలదు: కటకము ముందు చిన్న అద్దమును 45 డిగ్రీల వాలుగా వ్రేలాడదీసినచో బల్లపై కాగితము కనబడును. అద్దము అక్షరములను తిరగవేయును గనుక అమరికలో చిత్రమును మరల తిప్పవలెను. విద్యార్థులకు ఎట్లు కనబడుచున్నదో వారినే అడిగి తెలిసికొనుట మంచిది. ఉపాధ్యాయునికి కనబడు ప్రతి, పంపబడు ప్రతి ఒకటి కాకపోవచ్చును.

కుదిరిన అంకెలను, అనగా ఆవర్తనము, పట్టుకాలము, తెలుపు అమరిక, ఒక చీటీపై వ్రాసి తెర ప్రక్క అంటించవలెను. గదిలో ట్యూబులైటు మార్చిన నాడు వానిని మరల సరిచూడవలెను.