గుడ్డు కనిపించిన తరువాత

వైద్య పాఠ్యపుస్తకాలు పరాన్నజీవులను ఒక అధ్యాయంలోనూ, బాక్టీరియాను మరో అధ్యాయంలోనూ విడివిడిగా బోధించే పద్ధతిని ఇంకా మానకపోవడం ఈ వారం మళ్లీ చికాకు కలిగించిన విషయం. ఆ రెండూ ఒకే బిడ్డ మూత్రాశయంలో కలిసి ఉండగలవన్న సంగతి అందువల్లనే మరుగున పడుతున్నది.

నైలు లోయలోనూ, సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లోనూ కాలువల్లో ఈదే పిల్లలకు సోకే షిస్టోసోమియాసిస్ ఇందుకు ఉదాహరణ. బులినస్ అనే నత్తల నుంచి వెలువడిన సూక్ష్మ డింభకాలు నీటిలో దిగిన పిల్లల చర్మం గుండా లోపలికి చేరి, పురుగులుగా ఎదిగి, మూత్రాశయం చుట్టూ ఉన్న సిరల్లో గుడ్లు పెడతాయి. కొన్ని గుడ్లు మూత్రంతో బయటపడినా, మిగిలినవి మూత్రాశయపు గోడలో చిక్కుకొని పుండ్లు కలిగిస్తాయి. మూత్రనాళాలు ఇరుకై మూత్రం నిలిచిపోతే అక్కడ ఇ.కోలై వంటి బాక్టీరియా పెరగడానికి వీలు చిక్కుతుంది.

నమూనాను సూక్ష్మదర్శినిలో కంటితో చూడటాన్ని మించిన పరీక్ష లేదన్న వాదం ఈ శీర్షిక పాఠకులకు చిరపరిచితం. 1851లో కైరోలో థియోడర్ బిల్‌హార్జ్ ఈ పురుగును కనుగొన్నది శవపరీక్షలో స్వయంగా చూసే. గుడ్లు మధ్యాహ్నపు వేళ ఎక్కువగా వెలువడతాయి కనుక ఉదయం 10 గంటలకూ మధ్యాహ్నం 2 గంటలకూ మధ్య మూత్రం పట్టి, 10 మిల్లీలీటర్లు వడపోసి చూస్తే, ఒక కొసన ముల్లున్న కోలగుడ్డు స్పష్టంగా కనిపిస్తుంది.

అయినా ఇక్కడ ఆ వాదం నిలబడదు. ముల్లు కనిపించగానే మూత్రంలోని రక్తానికీ మంటకూ కారణం దొరికిందన్న తృప్తితో పరీక్ష ఆగిపోతుంది. తెల్లకణాలు గుడ్ల వల్ల కూడా మూత్రంలోకి వస్తాయి కాబట్టి, బాక్టీరియా ఉన్నదీ లేనిదీ వాటిని బట్టి తేల్చలేము. అది తేల్చేది నమూనాలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షే. పైగా గుడ్లకు మూత్రధారలోని చివరి చుక్కలు ముఖ్యం కాగా, కల్చర్‌కు శుభ్రంగా పట్టిన నడిమిధార కావాలి. ఒకే సీసా రెండింటికీ సరిపోదు.

పురుగును వదిలి బాక్టీరియాను మాత్రమే వెంటాడటమూ చాలదు. సాల్మొనెల్లా ఈ పురుగుల ఒంటికి అంటుకొని ఉండగలదు కనుక, యాంటీబయాటిక్‌తో తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది; పురుగును చంపే ప్రాజిక్వాంటెల్ ఇచ్చినప్పుడే దాని ఆశ్రయం పోతుంది.

గుడ్డు దొరికిన బిడ్డకు జ్వరం కూడా ఉంటే, కల్చర్‌కు రెండో సీసా తప్పనిసరిగా పట్టాలి.